ఏసీలో పెట్టిన ఎర్ర కారు

చాలా ఏళ్ళ పాటు నా రోజు మా బాబాయి ఫోనుతో మొదలయ్యేది. పలకరింపులేమీ ఉండవు. "ఏరా, పెరిగిందా, పడిందా?" అంతే. పక్కన ఎవరైనా ఉంటే మిర్చి గురించి అనుకునేవాళ్ళు. మిర్చి రేటు ఆయనకు నేను చెప్పాల్సిన పని లేదు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద ఆయనకు సొంత కోల్డ్ స్టోరేజీ ఉంది, ఇల్లూ ఆ ఆవరణలోనే. తేజ రకం మిరపకాయ ఇవాళ ఎంత పలుకుతుందో మిర్చి యార్డు గేటు తీయకముందే ఆయనకు తెలిసిపోతుంది. నన్ను అడిగేది పాత స్పోర్ట్సు కార్ల సంగతి. అమెరికాలో, ఇంగ్లండులో వాటిని వేలం వేస్తారు. నిన్న ఏది ఎంతకు పోయిందో నేను ఫోనులో వెతికి చెప్పాలి.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అందుకని ప్రపంచంలో ఏ వస్తువు రేటైనా నాకు తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం. కిలో వంకాయలు మోసపోకుండా తేవడం నాకింకా చేతకాలేదన్న సంగతి మా ఆవిడ దయవల్ల ఆయన దాకా వెళ్ళలేదు.

కాలిఫోర్నియా వేలంతో బాబాయికి ఏం పని అంటే, ఆయన దగ్గరా అలాంటి కారు ఒకటుంది.

దాన్ని ఒంగోలు వైపు ఒక పొగాకు వ్యాపారి దగ్గర సంపాదించాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆ వ్యాపారి దాన్ని ఏ కాలంలోనో సామాను సర్దుకుని వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర తీసుకున్నాడట. ఇంగ్లీషు కారు. పండు మిరపకాయ రంగు. పైన కప్పు బదులు మడిచి వెనక్కి నెట్టే గుడ్డ ఉంటుంది. రెండే సీట్లు. అందులో కూర్చుంటే చెయ్యి కిందికి చాచి రోడ్డు మీద రాయి ఏరుకోవచ్చు. ఆ వ్యాపారికి పొలానికి ట్రాక్టరు కావాలి, బాబాయికి ఆ కారు కావాలి. ఇద్దరూ తువ్వాలు కింద చేతులు పెట్టి, ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి, బేరం తేల్చుకున్నారు. నడుస్తున్న మా ట్రాక్టరు అటు వెళ్ళింది. నడుస్తుందని చెప్పిన కారు ఇటు వచ్చింది.

ఆ రోజు పిన్ని అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెలామణీలో ఉంది. "ఇరవై మందిని మోసేదాన్నిచ్చి ఇద్దరు పట్టేదాన్ని తెచ్చారా? బాగుందండీ. ఇంట్లో ఉన్నది పద్నాలుగు మందిమేగా."

అలా అన్నదేగానీ, ఆ సాయంత్రం ఎవరూ చూడటం లేదనుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగి, పైట చెంగుతో అద్దం మీద దుమ్ము తుడవడం నేను చూశాను. ఆమెకో కోరిక పుట్టింది. పిన్ని పుట్టిల్లు సింగరాయకొండ అవతల ఒక పల్లె. గుడ్డ వెనక్కి మడిచి, ఆ కార్లో ఆ వీధిలోకి వెళ్ళి ఆగాలి. అరుగు మీద కూర్చున్న వాళ్ళ వదిన లేచి నిలబడాలి. అంతే. పెట్రోలు తప్ప పెద్దగా ఖర్చు లేని కోరిక.

వదిన ఎందుకు లేవాలో చెప్పాలి. పిన్ని పెళ్ళికి మా వాళ్ళు బస్సు మాట్లాడుకుని బయల్దేరారు. అది దారిలో మొరాయించింది. ముహూర్తం దాటిపోతుందని, అటుగా పోతున్న మిర్చి లారీ ఆపి, టిక్కీల మీద ఎక్కి కూర్చున్నారు. టిక్కీ అంటే కాయ కుక్కిన గోనె బస్తా. పెళ్ళికొడుకుతో సహా అందరూ విడిదింటి ముందు తుమ్ముతూ దిగారు. ఎదురు సన్నాహానికి పళ్ళెం పట్టుకుని వచ్చిన వదిన చూసి, "అల్లుడుగారిని విడిదికి పంపాలా, యార్డుకి పంపాలా?" అని అడిగింది. ఆ మాటకు ఊరు ఊరంతా నవ్వుకుంది. మా నాయనమ్మ కూడా నవ్వింది, కాకపోతే పదేళ్ళ తర్వాత.

కారు వచ్చాక మొదటి సవారీ న్యాయంగా నాయనమ్మది. ఆవిడ చేతిలో విసనకర్రతో ఎక్కి ఊరు చుట్టి వచ్చింది, కారుకు ఫ్యాను లేదని చెప్పింది. అత్తగారి తర్వాతే కోడలు. శుక్రవారం సింగరాయకొండ వెళదామని బాబాయి మాటిచ్చాడు. పిన్ని పట్టుచీర తీసి ఎండలో వేసింది. నా వరసైతే ఏడోదో ఎనిమిదోదో అయి ఉంటుంది కాబట్టి నేను ఆశ పెట్టుకోలేదు.

శుక్రవారం రాకముందే మద్రాసు నుంచి కోల్డ్ స్టోరేజీ మిషన్ల మనిషి ఒకడు వచ్చాడు. కారు చూసి నోరు తెరిచి, ఇలాంటిది విదేశంలో వేలంలో పెడితే ఎంతకు పోయిందో బాబాయి చెవిలో చెప్పాడు. ఆ క్షణం నుంచి బాబాయి లెక్కలో అది కారు కాదు, సరుకు.

రేటు పెరిగే సరుకును మా వైపు ఎవరూ కదిలించరు. ఏసీలో పెడతారు. గుంటూరులో కోల్డ్ స్టోరేజీకి వాడుక పేరు ఏసీ. బయట ఉంటే కాయ రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే రేటు తగ్గుతుంది. ఏసీలో ఉంటే వచ్చే ఏడాదికి కూడా ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. కారూ ఎర్రదే. ఇంతకంటే తర్కం ఏం కావాలి?

చిక్కల్లా తలుపు దగ్గర వచ్చింది. చల్లగది తలుపు వీపు మీద టిక్కీ మోసే మనిషి పట్టేంతే ఉంటుంది. బాబాయి గోడ పగలగొట్టించి, కారును లోపలికి తోయించి, మళ్ళీ గోడ కట్టించేశాడు. మేస్త్రీ ఆఖరి ఇటుక పెడుతుంటే ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అది శంకుస్థాపనో సమాధో నాకు స్పష్టత లేదు.

"మరి శుక్రవారం?" అని అడిగింది పిన్ని.

"రేటు రానివ్వవే. ఇప్పుడు తిప్పితే కిలోమీటరుకింత తరుగు," అన్నాడు బాబాయి.

పిన్ని చీర మడిచి లోపల పెట్టింది.

ఆ తర్వాత రేటు పెరిగింది. అబద్ధం చెప్పను, బాగానే పెరిగింది. ఫోన్లలోకి ఇంటర్నెట్ వచ్చాక ఆ పెరుగుదల చూడటం నా బాధ్యత అయింది. ఆ కార్లను నేను ఎన్ని ఫొటోల్లో చూశానో, పచ్చిక మీద వరసగా నిలబెట్టి, పక్కన టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు. ఎప్పుడైనా చల్లగదిలోకి వెళితే, టిక్కీల దొంతర్ల మధ్య తార్పాలిన్ కింద మాది కనిపించేది. తార్పాలిన్ కొంచెం ఎత్తి, ఆ ఎరుపు ఒకసారి చూసి, తుమ్మి బయటికి వచ్చేవాణ్ణి.

కొంటామని వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఒకాయన చెన్నై నుంచి, ఇంకొకాయన బెంగుళూరు నుంచి. చిన్న తలుపులోంచి వంగి లోపలికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చేవాళ్ళు. కారు అందం చూసి అని బాబాయి అనుకునేవాడు. రేటు పెరుగుతుంటే ఆయన అమ్మడు: "పెరుగుతున్నదాన్ని ఎవడైనా తెగనమ్ముకుంటాడా?" పడుతుంటే అసలే అమ్మడు: "పడ్డప్పుడు అమ్మేవాడు రైతు, ఆగేవాడు వ్యాపారి." నిలకడగా ఉంటే, "కదలనీ, చూద్దాం." ఈ మూడూ కాక నాలుగో స్థితి మా సిలబస్‌లో లేదు.

ఈలోగా పిన్ని వదిన పోయింది. కర్మకు పిన్ని బస్సులో వెళ్ళి వచ్చింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధిలో అరుగులు కూడా పోయాయని వచ్చాక చెప్పింది. కారు మాట ఎత్తలేదు. ఆ ఏడాది నుంచే ఆమె మోకాళ్ళు సతాయించడం మొదలుపెట్టాయి.

కొన్నాళ్ళకు వేలం వార్తల భాష మారింది. మార్కెట్ చల్లబడుతోందని ఒకరు, కాదు సర్దుకుంటోందని ఒకరు, కాదు కాస్త ఊపిరి పీల్చుకుంటోందని ఇంకొకరు. రేటు పడిందని సూటిగా చెప్పడానికి ఆ రాసేవాళ్ళకు మహా మొహమాటం. కొన్ని కార్లు ఇంకా పైకే పోతున్నాయి, మా బాబాయి దగ్గరున్న తరహావి మాత్రం కిందికి జారుతున్నాయి. ఎందుకని నేను కాస్త చదివి, ఒక ఆదివారం వెళ్ళి ఆయనకు వివరించాను. చిన్నప్పుడు వీధిలో అలాంటి కారు పోతుంటే నిలబడి చూసిన పిల్లలు, పెద్దయి, డబ్బు చేసుకుని, ఆ చూసిన చూపు కోసం ఇంత పెట్టి కొన్నారు. ఇప్పుడు వాళ్ళు ముసలివాళ్ళయ్యారు, కొందరు పోతున్నారు. తర్వాతి వాళ్ళు తమ చిన్నప్పుడు చూసిన కార్లు వెతుక్కుంటున్నారు. వాళ్ళకు ఇది తాతల కారు.

"అంటే కారు పాతబడలేదు, చూసినవాళ్ళు పాతబడ్డారంటావు," అన్నాడు బాబాయి.

"అంతే బాబాయ్."

పిన్ని స్టూలు మీద కూర్చుని, ఇంట్లో కారానికి మిరపకాయల తొడిమలు తీస్తోంది. తలెత్తకుండానే అంది: "మా వదిన ఉన్నప్పుడైతే మంచి రేటు పలికేది."

నా ఇరవై ఏళ్ళ పాఠంలో ఆ సంగతి అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు. బాబాయి లేచి, పని లేకపోయినా, యార్డుకు వెళ్ళాడు.

ఆ మిర్చి సీజన్‌లోనే హైదరాబాదు నుంచి ఒకాయన ఫోను చేశాడు. సాఫ్ట్‌వేరులో సంపాదించి పాత కార్లు పోగుచేసే మనిషి, నలభై దాటి ఉంటాయి. మర్యాదగా మాట్లాడాడుగానీ ఒక షరతు పెట్టాడు. కళ్ళముందు నడవని బండి కొనడు. నడవాలంటే బయటికి రావాలి, రావాలంటే గోడ పగలాలి. అమ్మకం ఖాయమైతేగానీ గోడ ముట్టుకోనని అన్నాళ్ళూ భీష్మించిన బాబాయి, ఈసారి గడ్డం గోక్కుని, సరే రమ్మన్నాడు. చల్లబడుతోందన్న మాట లోపల ఎక్కడో తగిలినట్టుంది.

గోడ పగలగొట్టారు. బస్తాలు మోసే ముఠా కూలీలు కారును ఎండలోకి తోసుకొచ్చారు. చల్లగదిలోంచి వచ్చిన ఏ సరుకుకైనా చెమట పడుతుంది, దీనికీ పట్టింది. ఒళ్ళంతా నీటి బొట్లతో, అప్పుడే స్నానం చేసినట్టు నిలబడింది. చెమట ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దని బాబాయి కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు. రంగు చెక్కుచెదరలేదు. టైర్లు, గొట్టాలు, రబ్బరు అనేది ఉన్న ప్రతి చోటూ ఎండి పెళుసెక్కింది. కాయకు రబ్బరు ఉండదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. గుంటూరు నుంచి మెకానిక్కును పిలిపించి, దొరికినవి మార్పించాక, అతను బతిమాలగా బతిమాలగా ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది.

హైదరాబాదు ఆయన మర్నాడు పొద్దున వస్తానన్నాడు. ఆ సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి కారు బానెట్ తుడుస్తుంటే పిన్ని ఇంట్లోంచి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. చీర పాతదే, మడతల గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

"గుడికా?" అన్నాడు బాబాయి.

"మచ్చుకి."

"మచ్చేంటే?"

"యార్డులో అడిగినవాడికల్లా గుప్పెడు కాయ మచ్చు ఇస్తారుగా. కొన్నా కొనకపోయినా వెనక్కి అడగరు. ముఖం తెలియని హైదరాబాదు ఆయన మచ్చు అడిగితే గోడ పగలగొట్టించారు. నాకు ఒక్క గుప్పెడు లేదాండీ?"

బాబాయి నోరు తెరిచాడు. తరుగు అనే మాట ఆయన గొంతు దాకా రావడం నాకు కనిపించింది. మింగేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఎడమ పక్క తలుపు తీశాడు.

"ఎక్కు."

ఎక్కడం అన్నాడుగానీ, ఆ కార్లోకి దిగాలి. పిన్ని మోకాళ్ళు దిగే రకం కాదు. చివరికి తలుపు పక్కన సగం నిండిన టిక్కీ ఒకటి పడేసి, దాని మీద కూర్చోబెట్టి, అక్కడి నుంచి సీట్లోకి జరిపి, కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి పెట్టాం. లారీలోంచి సరుకు దింపేటప్పుడు ఇంతకంటే తక్కువ జాగ్రత్త తీసుకుంటారు. సర్దుకుని కూర్చుని, ఊపిరి పీల్చి, పెద్దగా తుమ్మింది.

"పెళ్ళి లారీ వాసనండీ," అంది.

బాబాయి, ఇంజను చప్పుడులో వినిపించనట్టు, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను అప్పటికింకా స్టార్టు చేయలేదు.

సింగరాయకొండ దాకా ఆ బండి పోదని ముగ్గురికీ తెలుసు. "అటువైపు తిప్పండి, చాలు," అంది పిన్ని. తిప్పాడు. నేను నీళ్ళ డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని స్కూటరు మీద వెనక బయల్దేరాను. దాటి ముందుకు పోకుండా ఉండటానికి నేను బ్రేకు మీద బ్రేకు వేయాల్సి వచ్చింది. రోడ్డుకు ఒక పక్క ఏరేసిన పత్తి మోళ్ళు, ఇంకో పక్క మిరప. వెనక నుంచి నాకు కనిపించింది రెండు నెరిసిన తలలు, గాలికి బయట ఎగురుతున్న పట్టు కొంగు. ఆమె దాన్ని లోపలికి లాక్కోలేదు. నేను ఫొటోల్లో చూసిన కార్లలో ఏ ఒక్కదానికీ అలాంటి కొంగు లేదు.

ఒక కల్లం ఎదురుగా రాగానే ముందు నుంచి ఆవిరి లేచింది. కారు నెమ్మదించి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, రోడ్డు వార ఆగిపోయింది. కల్లం నిండా మిర్చి ఆరబోసి ఉంది. ఆడవాళ్ళు కూర్చుని రంగుపోయిన తాలు కాయలు ఏరుతున్నారు. అందులో పెద్దామె ఒకతె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరమ్మా? ఎక్కడికి?"

బాబాయి దిగి బానెట్ ఎత్తుతున్నాడు. నేను స్కూటరు స్టాండు వేస్తున్నాను. పిన్ని సీట్లో నిటారుగా కూర్చుని, కొంగు సర్దుకుని చెప్పింది: "పుట్టింటికి."

"ఏ ఊరు తల్లీ?"

"సింగరాయకొండ అవతల."

"ఈ కార్లోనే?"

"కార్లోనే. ఇదుగో, మా ఆయన నడుపుతున్నాడు."

ఆ పెద్దామె ఒళ్ళో కాయలు పక్కన పోసి, చీర దులుపుకుని, చూడటానికి లేచి నిలబడింది.

పిన్ని ఆమెనే చూస్తూ ఉండిపోయింది. బాబాయి బానెట్ వెనక నుంచి తల ఎత్తలేదు. నేను నీళ్ళ డబ్బా మూత తీశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను.

ఆ నీళ్ళు పోసినా బండి కదలలేదు. కల్లం వాళ్ళ ట్రాక్టరు వచ్చి తాడు కట్టింది. పిన్నిని నా స్కూటరు మీద ఎక్కమన్నాడు బాబాయి. "దిగితే మళ్ళీ ఎక్కలేనండీ," అంది. మోకాళ్ళ గురించే అనుకుంటాను. అలా ట్రాక్టరిచ్చి తెచ్చుకున్న కారు, ట్రాక్టరు వెనకాల, మా పిన్నిని మోసుకుంటూ ఇల్లు చేరింది. దీన్ని ఎకనామిక్స్‌లో ఏమంటారో బాబాయి అడగలేదు.

మర్నాడు హైదరాబాదు ఆయన వచ్చేసరికి, నిన్న ఇంత దూరం నడిచి ఆగిపోయిందని బాబాయే ముందు చెప్పేశాడు. మచ్చులో తాలు దాచే అలవాటు ఆయనకు లేదు. ఆ పెద్దమనిషి కార్లోకి తల పెట్టి తుమ్మాడు. చుట్టూ తిరిగి వచ్చి, ఇంకోసారి పెట్టి, ఇంకోసారి తుమ్మాడు. కూర్చోవడానికి సాహసించలేదు. అయినా షరతు వదిలేసి, నడవదు కాబట్టి, మార్కెట్ చల్లబడింది కాబట్టి రేటు తగ్గాలని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. బాబాయి తువ్వాలు తీసి చాచాడు. దాని కింద చెయ్యి పెట్టాలని ఆయనకు నేను చెప్పాల్సి వచ్చింది. చిలక జోస్యం చెప్పించుకునేవాడిలా భయంభయంగా పెట్టాడు. ఏ వేళ్ళు నొక్కారో నాకు తెలియదు, నేను అడగలేదు. పడుతున్న రేటులో మా బాబాయి సరుకు అమ్మడం నేను చూడటం అదే మొదలు. కారును లారీలోకి ఎక్కించేటప్పుడు పిన్ని బయటికి రాలేదు. బాబాయి లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, పగిలిన గోడ దగ్గరికి వెళ్ళి ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. మేస్త్రీ వస్తాడని చెబితే, తెలుసన్నాడు.

ఆ తర్వాత పొద్దున్నే ఫోను రాదు. అయినా నేను వేలాలు చూడటం మానలేదు. టీ తాగుతూ, పచ్చిక మీద నిలబెట్టిన ఆ ఎరుపులన్నీ ఒకసారి చూసుకుంటాను.

మొన్న అలా చూస్తుంటే మాది కనిపించింది. హైదరాబాదు ఆయన దాన్ని ఆన్‌లైన్ వేలానికి పెట్టాడు. కొన్నప్పటి నుంచి నడపలేదని, చేరిన రోజు నుంచి కవరు కిందే ఉందని, లోపల స్వల్పంగా మసాలా వాసన ఉందని నిజాయితీగా రాశాడు. వేలం అయిపోయింది. పాట ఆయన అనుకున్న ధర దాకా రాలేదు.

ఫోను తీసుకెళ్ళి ఇద్దరికీ చూపించాను. బాబాయి కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఆగమను. రెండు సీజన్లు ఆగితే లేస్తుంది," అన్నాడు. ఆయనకు పాత ఉత్సాహం కొంచెం వచ్చినట్టనిపించింది.

పిన్ని ఫోను చేతిలోకి తీసుకుంది. బొమ్మ పెద్దది చెయ్యమంటే చేశాను. ఎడమ సీటు దాకా జరిపించి ఆపమంది.

"ఎవరూ కొనలేదా?"

"లేదు పిన్నీ."

"నడపనూ లేదు."

"లేదు."

"అయితే నా తర్వాత ఇందులో ఇంకా ఎవరూ కూర్చోలేదన్నమాట," అని ఫోను నాకిచ్చేసి, మిరపకాయల తొడిమలు తీయడంలో పడింది.